మత్తు ఎంత, మెలకువ ఎంత

గత షవ్వాల్ మాసంలో ఒక వలీమా విందుకు మేము జనగామ జిల్లా బచ్చన్నపేటకు వెళ్లాము. భోజనాలు ముగిసి మగవారు అస్ర్ నమాజుకు మస్జిదు వైపు సాగుతున్న వేళ, వరండాలో ఒక మూల కూర్చున్న పెద్దావిడ సైగ చేసి మమ్మల్ని దగ్గరకు పిలిచారు. దూరపు బంధువు, వరుసకు మాకు ఖాలా. ఆమె వయస్సు 58. ఎడమ చెవి చాలా ఏండ్లుగా కారుతున్నది. వానాకాలం వస్తే చీము, ఎండాకాలం వస్తే కొంత తెరిపి. వెల్లుల్లి కాచిన నూనె, ఎవరో చెప్పిన ఆకు పసరు, మెడికల్ షాపువారు ఇచ్చిన చుక్కల మందు, అన్నీ అయిపోయినవి. ఇప్పుడు వినికిడి కూడా తగ్గింది. కోడలు ఒకటి అంటే ఖాలాకు మరొకటి వినిపిస్తుంది. ఆ ఇంట్లో సగం తగాదాలకు కారణం ఆ చెవేనని ఆమె నవ్వుతూనే చెప్పారు.

కర్ణభేరికి చిల్లు ఉన్నదని, దానిపై పొర అతికించాలని చెవి డాక్టరుగారు తేల్చారు. పూర్తి మత్తు అవసరం లేదు, ‘లోకల్’లోనే చేస్తాము, భయం లేకుండా కొద్దిగా నిద్రమందు ఇస్తాము అన్నారు. ఖాలాకు అక్కడే చిక్కు వచ్చింది. “సగం మత్తులో నోరు జారి ఇంటి మాటలన్నీ బయట పెడతానేమో బేటా” అన్నారు మొదట. కాసేపు ఆగి, గొంతు తగ్గించి రెండో మాట అన్నారు: “ఆ మత్తులోనే పానం పోతే కలిమా ఎట్ల చదువుత?”

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఆ రెండు ప్రశ్నలూ నవ్వి తోసిపుచ్చదగినవి కావు. ఊరి నుంచి తిరిగి వచ్చిన తరువాత మత్తు వైద్యులైన మిత్రులను అడిగాము, చదవగలిగినంత చదివాము. ఈ నెల శీర్షికను ఖాలా ప్రశ్నలకే కేటాయిస్తున్నాము. చెవి కారుతూ ఆపరేషన్ వాయిదా వేసుకుంటున్నవారు మన ఇండ్లలో తక్కువ మంది లేరు.

ముందుగా ఆ పని ఎంత సూక్ష్మమో తెలుసుకోవాలి. కర్ణభేరి అడ్డుకొలత దాదాపు 9 మిల్లీమీటర్లు, మందం 0.1 మిల్లీమీటరు. దాని వెనుక సుత్తి, దాగలి, రికాబు ఆకారాల్లో మూడు బుల్లి ఎముకలు గొలుసుకట్టుగా ఉంటాయి. రికాబు వంటి ఎముక పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు. మనిషి దేహంలో అంతకంటె చిన్న ఎముక లేదు. సర్జన్ మైక్రోస్కోపు కింద పని చేస్తారు. చెవి పైన కణత కండరాన్ని కప్పి ఉండే పలుచని పొరను కొంత తీసి, చిల్లు మీద అతికిస్తారు. టింపనోప్లాస్టీ అనేది ఇదే. చీము చెవి వెనుక ఎముకలోకి పాకి ఉంటే అక్కడ డ్రిల్లుతో తొలచవలసి ఉంటుంది. మైక్రోస్కోపులో చూస్తే ఒక్క రక్తపు బొట్టు నిండిన కుంటలా కనబడుతుంది. రోగి తల వెంట్రుకవాసి కదిలినా అక్కడ భూకంపం వచ్చినట్లే.

అంతటి సున్నితమైన పనిని రోగి మెలకువగా ఉండగా చేయడం ఎందుకు? దీనికి మంచి కారణాలే ఉన్నాయి. చెవి వెనుకా, చెవి దారిలోపలా లిగ్నోకైన్ అనే మందును ఎడ్రినలిన్‌తో కలిపి సూదితో ఎక్కిస్తారు. లిగ్నోకైన్ నరాలను మొద్దుబారుస్తుంది. 1943లో స్వీడన్ రసాయనవేత్త నిల్స్ లోఫ్‌గ్రెన్ తయారు చేసిన ఈ మందునే నేడు పన్ను పీకేటప్పుడు కూడా వాడుతున్నారు. ఎడ్రినలిన్ అక్కడి సన్నని రక్తనాళాలను ముడిచి రక్తాన్ని ఆపుతుంది. వీటన్నిటికీ మించి, మెలకువగా ఉన్న రోగి సమాధానం చెప్పగలరు. వినికిడి ఎముకను సరిచేసిన వెంటనే సర్జన్ చెవిలో మెల్లగా ఒక మాట అని, వినిపించిందా అని బల్ల మీదనే అడిగి తెలుసుకోవచ్చు. రికాబు ఎముక దగ్గర పని చేస్తుండగా రోగి “తల తిరుగుతున్నది” అంటే, లోపలి చెవికి ఒత్తిడి తగులుతున్నదని గ్రహించి చేయి వెనక్కు తీసుకోవచ్చు. పూర్తి మత్తులో ఉన్నవారు ఈ హెచ్చరిక చేయలేరు.

అయితే లిగ్నోకైన్ నొప్పిని ఆపుతుందే గాని చప్పుడును ఆపదు. పని జరుగుతున్నదే చెవిలో. చూషణ గొట్టం సన్నగా ఈల వేస్తుంది. డ్రిల్లు ఎముకను తొలుస్తుంటే ఆ శబ్దం పుర్రె మొత్తం మోగుతుంది. ముఖం మీద ఆకుపచ్చ గుడ్డ, ఒకే పక్కకు తిప్పిన మెడ, గంట నుంచి రెండు గంటలు కదలకూడని నడుము. లోకల్‌లో టింపనోప్లాస్టీ చేయించుకున్నవారిని ఏమి బాధ కలిగిందని అడిగి బ్రిటన్‌లో 1996లో ఒక పరిశీలన ప్రచురించారు. రోగులు అందరికంటె ఎక్కువగా చెప్పినవి చప్పుడు, ఆందోళన. తల తిరగడం, నడుము నొప్పి, ఊపిరాడనట్లు అనిపించడం ఆ తరువాతివి. చెవి నొప్పి అన్నిటికంటె చివర వచ్చింది.

నొప్పిని ఆపడం లిగ్నోకైన్ వంతు, భయాన్ని తగ్గించడం నిద్రమందు వంతు. ఒకటి చేయవలసిన పనిని రెండోదానితో చేయించబోతే చిక్కు మొదలవుతుంది. రోగికి నొప్పి పుడుతుంటే మొద్దుబార్చే మందు మరికొంత వేయాలి తప్ప నిద్రమందు పెంచకూడదు. నొప్పి ఉన్న మనిషికి నిద్రమందు పెంచితే ఆ మనిషి నిద్రపోడు. ఏమి చేస్తున్నాడో తనకు తెలియక చేతులు విదుల్చుతాడు, మూలుగుతాడు, లేవబోతాడు. మాతో మాట్లాడిన వైద్యులందరూ నొక్కి చెప్పినది ఈ విషయాన్నే. రోగి తరఫువారు దీన్ని గుర్తుంచుకుంటే, బల్ల మీద నొప్పి వస్తే ఓర్చుకోకుండా చెప్పమని తమవారికి ముందే చెప్పి పంపగలరు. మన పెద్దవారికి సబ్ర్ పేరిట నొప్పిని మింగే అలవాటు ఉన్నది. ఇక్కడ అది పనికిరాదు.

ఇక ఎంత మత్తు? మత్తు లోతును కొలవడానికి రామ్‌సే అనే వైద్యుడు 1974లో ఆరు మెట్ల కొలమానం ప్రకటించారు. ఒకటో మెట్టులో మనిషి కలవరంగా ఉంటాడు. రెండో మెట్టులో ప్రశాంతంగా, మెలకువగా ఉంటాడు. మూడో మెట్టులో కునుకుతూ ఉన్నా మాట చెబితే వింటాడు, అన్నది చేస్తాడు. నాలుగు దాటిన కొద్దీ పిలుపుకు స్పందన మందగిస్తుంది. ఆరో మెట్టులో తట్టినా పలకడు. లోకల్‌లో చెవి ఆపరేషన్‌కు రెండు, మూడు మెట్లు చాలు. అంటే ఖాలా భయపడిన ‘ఒళ్లు తెలియని స్థితి’ ఈ పనికి అవసరమే లేదు. అటువంటి స్థితి వస్తే అది మత్తు మోతాదు మించిందనడానికి గుర్తు.

మందులు అనేకం. అన్నీ ఒకే పని చేయవు.

మిడజోలామ్ ఇప్పుడు అన్నిచోట్లా వాడుకలో ఉన్నది. 1970ల నడుమ కనుగొన్న మందు ఇది. నరంలోకి ఇచ్చిన రెండు మూడు నిమిషాల్లో భయం సడలుతుంది. దీనికి ఒక విచిత్ర గుణం ఉన్నది. మందు పనిచేస్తున్నంతసేపు జరిగినది తరువాత జ్ఞాపకం ఉండదు. రోగి అడిగినదానికల్లా బదులు చెప్పి ఉంటారు, ఇంటికి వచ్చి “నాకేమీ తెలియదు, నిద్రపోయాను” అంటారు. నోరు జారుతానన్న ఖాలా భయానికి మూలం ఇక్కడ కొంత ఉన్నది. మత్తులో నోటికి ఉన్న పట్టు సడలి, కొందరు గలగల మాట్లాడటం కద్దు. వయస్సు పైబడినవారిలో అరుదుగా శాంతికి బదులు కలవరం, మొండితనం కలగవచ్చు. కాని అడగని రహస్యాలను తవ్వి బయటకు తీసే శక్తి ఏ మందుకూ లేదు. మాట్లాడిన మాటలు థియేటర్ దాటి పోకుండా చూడటం వైద్యుల ధర్మం. మిడజోలామ్‌కు నొప్పి తగ్గించే గుణం లేదన్నది మరువరాదు. పెద్దవారికి 1 మిల్లీగ్రాము లేక అంతకు తక్కువతో మొదలుపెట్టి, రెండు మూడు నిమిషాలు వేచి చూసి, అవసరమైతేనే మరికొంత ఇవ్వడం పద్ధతి. తొందరపడి వెంటవెంటనే ఇస్తే శ్వాస మందగిస్తుంది.

చిన్న ఆసుపత్రులలో చిరకాలంగా నడిచిన జోడీ ఫోర్ట్‌విన్, ఫెనర్గాన్. అసలు పేర్లు పెంటజోసిన్, ప్రోమెథజిన్. చవక, ఎక్కడైనా దొరుకుతాయి. ఒకటి నొప్పిని, రెండోది వాంతిని తగ్గించి నిద్రమబ్బు తెస్తుంది. ఈ జోడీతో ఎందరికో చెవులు బాగయ్యాయి. అందుచేత దానిని తక్కువ చేసి చెప్పము. కాని పెంటజోసిన్ రక్తపోటును పెంచవచ్చు, కొందరికి పిచ్చి పిచ్చి తలపులు రప్పించవచ్చు. ప్రోమెథజిన్ మబ్బు సాయంత్రం వరకు వదలదు. ఫెంటనిల్ నొప్పికి ఎంతో బలమైన మందు, త్వరగా పనిచేసి త్వరగా తగ్గుతుంది. అయితే శ్వాసను అణచివేయగలదు, కడుపులో తిప్పగలదు. ఆపరేషన్ అయిన చెవితో వాంతి చేసుకుంటే ఆ ఒత్తిడికి అతికించిన పొర కదిలిపోవచ్చునన్న భయం ఉండనే ఉన్నది. మిడజోలామ్, ఫెంటనిల్ రెండూ కలిపి ఇచ్చినప్పుడు శ్వాసపై వాటి ప్రభావం రెట్టింపుకు మించుతుందని వైద్యులు జాగ్రత్తపడతారు.

కెటమిన్ గురించి ఒక్క మాట చాలు. అది శ్వాసను కాపాడుతుంది, నొప్పినీ ఆపుతుంది. కాని రక్తపోటును పెంచి మైక్రోస్కోపు కింద రక్తం ఊరిస్తుంది, కండ్లను అటూ ఇటూ కదిలిస్తుంది, కలలు పుట్టిస్తుంది. లోకల్‌లో చెవి పనికి అది పొసగదు.

ప్రొపోఫోల్ పాలవలె తెల్లగా ఉంటుంది. సోయా నూనె, గుడ్డు సొన నుంచి తీసిన పదార్థాలలో కలిపి తయారు చేస్తారు. మందులో ఏముందని అడిగే అలవాటు ఉన్న మన కుటుంబాలకు ఈ సంగతి ఉపకరిస్తుంది. ఇది అరనిమిషంలో పనిచేస్తుంది, ఆపితే నిమిషాల్లో తేరుకుంటారు, వాంతిని కూడా తగ్గిస్తుంది. ఇంత చక్కని మందుకు ఉన్న లోపం ఏమిటంటే కునుకుకూ, గాఢ మత్తుకూ నడుమ దూరం చాలా తక్కువ. గాయకుడు మైఖేల్ జాక్సన్ 2009 జూన్ 25న మరణించినది ఈ మందు వల్లనే. నిద్ర పట్టడానికని ఇంట్లో, సరైన పరికరాలు లేకుండా ఇచ్చారు. చెవి ఆపరేషన్‌లో రోగి ముఖం గుడ్డ కింద ఉంటుంది, తల సర్జన్ చేతిలో ఉంటుంది. గొంతు మూసుకుపోతే మత్తు డాక్టరు అక్కడికి చేరడం తేలిక కాదు. అందుచేత ప్రొపోఫోల్ వాడేచోట మత్తు డాక్టరు తప్ప వేరొకరు దానిని ముట్టరాదు.

గత పది పదిహేనేండ్లుగా మన దేశంలో చెవి ఆపరేషన్లకు ఎక్కువగా వినబడుతున్న పేరు డెక్స్‌మెడిటొమిడిన్. పలకడానికి కష్టమైన ఈ పేరును థియేటర్‌లో ‘డెక్స్’ అని కుదించుకున్నారు. 1999లో అమెరికాలో ఐసీయూ రోగుల కోసం అనుమతి పొందింది. 2008లో ఇటువంటి చిన్న ప్రక్రియలకు కూడా అనుమతి లభించింది. ఇది తెచ్చే నిద్ర సహజ నిద్రకు దగ్గరగా ఉంటుంది. పిలిస్తే కండ్లు తెరుస్తారు, బదులు చెబుతారు, వదిలేస్తే మళ్లీ కునుకుతారు. శ్వాసను పెద్దగా అణచదు, నొప్పిని కొంత తగ్గిస్తుంది. గుండె వేగాన్నీ రక్తపోటునూ తగ్గిస్తుంది గనుక చెవిలో రక్తం కూడా తక్కువగా ఊరుతుంది. మన దేశపు వైద్య కళాశాలల్లో దీనిని మిడజోలామ్ జోడీతో పోల్చి చూసిన పరిశీలనలు అనేకం వచ్చాయి. వాటిలో చాలావాటిలో రోగులూ సర్జన్లూ డెక్స్ వైపు మొగ్గు చూపారు.

అలాగని అందరికీ అదే మంచిదని కాదు. రక్తపోటును తగ్గించే గుణమే కొందరికి కీడు. గుండె ముందే నెమ్మదిగా కొట్టుకునేవారికి, గుండెలో ‘బ్లాక్’ ఉన్నవారికి, బీపీ కోసం ఎటినొలాల్ వంటి మాత్రలు వేసుకునేవారికి నాడి ప్రమాదకరంగా పడిపోవచ్చు. పైగా ఇది తొందరపడే మందు కాదు. మొదటి మోతాదును 10 నిమిషాలపాటు నెమ్మదిగా ఎక్కించాలి, పెద్దవారికి ఇంకా తగ్గించాలి. ఆపిన తరువాత మబ్బు కొంతసేపు ఉంటుంది, నోరు ఎండుతుంది. బాత్రూముకని గబుక్కున లేస్తే కండ్లు తిరిగి పడవచ్చు.

మందుల జాబితా కంటె ఆ మందు ఎక్కేటప్పుడు రోగి దగ్గర ఎవరు కూర్చుంటారన్నదే పెద్ద ప్రశ్న అని మేము గ్రహించాము. ఈ ప్రశ్న మన నేలకు కొత్తది కాదు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, హైదరాబాద్ వైద్య పాఠశాలకు అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్, క్లోరోఫామ్ మత్తులో మరణాలు ఎందుకు జరుగుతున్నాయో తేల్చడానికి 1888లో ఒక కమిషన్ నడిపారు. లోకం నమ్మలేదు. 1889లో రెండో కమిషన్ కూర్చున్నది. దాని ఖర్చు నిజాం ప్రభుత్వం భరించింది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే పెద్ద వైద్యుడు హైదరాబాదుకు వచ్చారు. వందలాది జంతువులపై ప్రయోగాలు చేసి, క్లోరోఫామ్ ముందుగా శ్వాసను ఆపుతుంది, గుండె తరువాత ఆగుతుంది, కాబట్టి శ్వాస మీద కన్ను పెట్టండి అని ప్రకటించారు. ఆ తీర్పు పూర్తిగా నిలువలేదు. క్లోరోఫామ్ గుండెను కూడా ఉన్నపళంగా ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించారు. శ్వాసనూ నాడినీ రెంటినీ కనిపెట్టాలన్నది చివరకు మిగిలిన పాఠం. ఆ లారీ దగ్గరే శిక్షణ పొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ హైదరాబాద్ ఆసుపత్రులలో మత్తు ఇచ్చే వైద్యురాలిగా ఏండ్ల తరబడి పనిచేశారు. ప్రపంచంలో ఈ వృత్తి చేపట్టిన తొలి మహిళలలో ఒకరిగా ఆమెను లెక్కిస్తారు. పర్దాలో ఉండే స్త్రీలకు ఆ రోజుల్లో అది ఎంత ఊరటగా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. నేటికీ మహిళా మత్తు డాక్టరు ఉన్నారా అని అడగడంలో తప్పు లేదు. లేకపోతే నర్సు ఒకరు తోడుంటారా అని అడగవచ్చు.

‘లోకలే కదా’ అని మత్తు డాక్టరును పిలవకుండా, సర్జనే ఒక సూది ఇచ్చి పని మొదలుపెట్టే అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉన్నది. మైక్రోస్కోపులో కన్ను పెట్టిన మనిషి రోగి శ్వాసను కనిపెట్టలేడు. చేయించుకునేముందు ఆసుపత్రిని అడగవలసిన ప్రశ్న ఇదొక్కటే: ఆపరేషన్ జరుగుతున్నంతసేపు నాడి, బీపీ, ఆక్సిజన్ చూస్తూ వేరే డాక్టరు ఉంటారా? అడగడానికి మొహమాటపడరాదు.

ఖాలా సంగతికి వస్తాము. మేము ఫోనులో ఆమె వాడుతున్న మందులన్నీ అడిగినప్పుడు బీపీకి ఆమ్లోడిపిన్ ఒకటి అని చెప్పి ఊరుకున్నారు. మరుసటి రోజు తానే ఫోను చేశారు. మొగుడు పోయిన నాటి నుంచి రాత్రి నిద్ర పట్టక, మెడికల్ షాపులో అడిగితే ఇచ్చిన ఒక చిన్న మాత్ర వేసుకుంటున్నారట. ఆరేండ్లుగా. కొడుకులకు తెలియదు. తెలిస్తే “అమ్మీ మత్తుకు అలవాటుపడింది” అనుకుంటారని సిగ్గు. ఆ మాత్ర పేరు చదివించుకుంటే అల్ప్రజోలామ్.

నోరు జారి బయటపడుతుందని ఆమె భయపడిన రహస్యం ఇదే కాబోలునని అప్పుడు మాకు తోచింది. ఆపరేషన్‌కు ముందు తప్పక చెప్పవలసిన సంగతి కూడా సరిగ్గా అదే. అల్ప్రజోలామ్, మిడజోలామ్ ఒకే జాతి మందులు. ఏండ్ల తరబడి ఒకటి అలవాటైన దేహానికి రెండోది మామూలు మోతాదులో పనిచేయకపోవచ్చు. ఎందుకు పనిచేయడం లేదో తెలియని డాక్టరు పెంచుకుంటూ పోతారు, చివరకు శ్వాస దగ్గర తేలుతుంది. మిడజోలామ్ ఎక్కువైతే విరుగుడుగా ఫ్లూమజెనిల్ ఇస్తారు. కాని రోజూ ఈ జాతి మాత్రలు వేసుకునేవారికి ఆ విరుగుడే మూర్ఛలు తెప్పించగలదు. ఇక భయపడి ఆపరేషన్‌కు వారం ముందు మాత్రను హఠాత్తుగా మానేస్తే వణుకు, కలవరం, నిద్రలేమి, ఒక్కోసారి మూర్ఛ. మాట దాచడం వల్ల ముప్పు ఇన్ని దారులలో వస్తుంది.

తెలంగాణలో ఈ మాట మరో కారణంతో కూడా చెప్పవలసి ఉన్నది. కల్లులో కలిపే కల్తీ ఏమిటో పాఠకులకు తెలుసు: క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రజోలామ్. ఇవన్నీ నిద్రమందులే. 2015లో కల్తీ కల్లుపై ప్రభుత్వం కట్టడి చేసినప్పుడు నిజామాబాద్ తదితర జిల్లాలలో అలవాటుపడిన మనుషులు వింత ప్రవర్తనతో, వణుకుతో ఆసుపత్రులకు చేరారు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది. విచిత్రమేమిటంటే, క్లోరల్ జాతికే చెందిన ట్రైక్లోఫాస్ సిరప్‌ను పసిపిల్లలకు వినికిడి పరీక్ష చేసేటప్పుడు కదలకుండా నిద్రపుచ్చడానికి వైద్యులు వాడుతారు. కొలిచి, బరువు చూసి, పక్కన కూర్చుని ఇస్తారు. మన ఇండ్లలో కల్లు లేదు గనుక ఈ మాట మనకు కాదని కొందరు అనవచ్చు. మన పొలంలో పనిచేసేవారికి, పక్కింటివారికి ఆపరేషన్ అయితే తోడు వెళ్లేది మనమే. మన ఇండ్లలోనూ నిద్రమాత్రలు ఉన్నాయి, దగ్గు మందులు ఉన్నాయి, జర్దా, గుట్కా ఉన్నాయి. డాక్టరు అడిగేది తీర్పు చెప్పడానికి కాదు, మోతాదు కట్టడానికి.

చికిత్స కోసం, అవసరమైనంత మేరకు మత్తుమందు తీసుకోవడాన్ని మన ధర్మపండితులు అనుమతించారు. విలాసం కోసం తాగే మత్తుతో దానిని కలిపి చూడనక్కరలేదు. స్పృహ తప్పితే వుజూ పోతుంది, తేరుకున్నాక మళ్లీ చేసుకోవాలి. మాటలు తడబడనంతగా తెలివి వచ్చిన తరువాతే నమాజు. తల వంచితే చెవిపై ఒత్తిడి పడుతుందని సర్జన్ కొన్ని వారాలు సజ్దా వద్దంటే కుర్చీలో కూర్చుని సైగతో నమాజు చేయవచ్చు. కట్టు ఉన్న చెవి మసహ్ విషయం మీ ఇమాము సాహెబును అడిగి తెలుసుకోండి.

కడుపు విషయంలో లోకలైనా సడలింపు లేదు. మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఘనాహారం 6 గంటల ముందు, మంచినీరు 2 గంటల ముందు ఆపాలి. రమజానులో రోజా ఉన్నాము గదా, కడుపు ఖాళీయే గదా అని రోజాతో ఆపరేషన్‌కు వెళ్లడం సరికాదు. దేహంలో నీరు తగ్గి ఉంటుంది, బీపీ మాత్ర తప్పిపోయి ఉంటుంది. తొందర లేని ఆపరేషన్ గనుక ఈద్ తరువాతకు పెట్టుకోవచ్చు. రోగికి రోజా తరువాత పూర్తి చేసుకునే వెసులుబాటు ఎలాగూ ఉన్నది. గోళ్ల రంగు, నల్ల మెహందీ ఆక్సిజన్ చూపే పరికరానికి అడ్డు రావచ్చు, కనీసం ఒక వేలు ఖాళీగా ఉంచుకోవాలి. మొద్దుబార్చే మందు ముఖనరానికి పాకితే ఆ వైపు మూతి కొన్ని గంటలు వంకరపోవచ్చు, పక్షవాతమని ఇంటివారు గుండెలు బాదుకోనవసరం లేదు. డాక్టరుకు మాత్రం వెంటనే చెప్పాలి.

ఖాలా ఆపరేషన్ పోయిన నెలలో జరిగింది. పెద్ద కొడుకు ముందరే మాత్ర సంగతి మత్తు డాక్టరుగారికి చెప్పారు. ఆయన కోప్పడలేదు, నవ్వలేదు. ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్నేండ్లు అని రాసుకున్నారు. ముందు రాత్రి కూడా మాత్ర మానవద్దని, మానిపించే పని తరువాత నెలల మీద నెమ్మదిగా చేద్దామని అన్నారు. ఈసీజీ, నాడి బాగుండటంతో మిడజోలామ్ పక్కన పెట్టి డెక్స్ ఎంచుకున్నారు. వినికిడి తక్కువ గనుక బల్ల మీద మాట వినబడదేమోనని ముందే సైగలు కుదుర్చుకున్నారు: చేయి ఒకసారి నొక్కితే బాగున్నారా అని, రెండుసార్లు నొక్కితే కదలవద్దని.

పని మొదలైన కాసేపటికి సర్జన్ చేయి ఆపారట. మైక్రోస్కోపులో చెవిదారి లయగా కదులుతున్నది. ఖాలా పెదవులు కదిపి జిక్ర్ చేసుకుంటున్నారు. దవడ కదిలితే దాని పక్కనే ఉన్న చెవిదారి కదులుతుంది. మత్తు డాక్టరుగారు గుడ్డ పైకెత్తి, కుడి చెవి దగ్గరగా ఉర్దూలో, నోటితో కాకుండా వేళ్లతో లెక్కపెట్టుకోండి అమ్మా అన్నారు. ఒక చేతికి పరికరం తగిలించి ఉన్నది. రెండో చేతి బొటనవేలు గుడ్డ కింద ఒక్కొక్క కణుపు మీదుగా జరుగుతూ పోయింది. డాక్టరుగారు తెరనూ ఆ చేతినీ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నారట. బొటనవేలు ఆగిపోయినప్పుడల్లా మందు వేగం కొంచెం తగ్గించేవారు. అది మళ్లీ కదలడం మొదలుపెట్టేది. ఆ సంగతి డాక్టరుగారు చెబితేనే ఖాలాకు తెలిసింది. ఎన్ని వందలు పూర్తయ్యాయో మాత్రం తనకు లెక్క తప్పిందని మాతో ఫోనులో చెప్పి బాధపడ్డారు.